జారే పెట్టె

లిఫ్టు మెకానిక్కు ఆ ఉదయం లేచిన దగ్గర్నుంచీ కోపంగానే ఉంది. పార్కింగులో గీతల మీద అడ్డంగా నిలబడి రెండు బళ్ళ చోటు మింగేసిన కారు మీద కోపం. పిల్లల మ్యూజియం గాజు తలుపు మీద కోపం. పైన బందు వదులైపోయి తలుపు నేలను గీసుకుంటూ కీచుమంటుంటే, ఇంతమంది పనిచేసేచోట ఒక్కరికీ చెవులు లేవా అని. టికెట్ల దగ్గర అమ్మాయి నవ్వుతూ పిల్లలిద్దరికీ అంటించినట్టే అతని చొక్కాకు కూడా పచ్చ కప్ప స్టిక్కరు అంటించింది. ఆ కప్ప మీద కూడా కోపమే. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు కదా, ఆరు వారాలుగా అతనికి ఊళ్ళో దుత్తలు చాలడం లేదు.

అసలు కోపం ఎవరి మీదో అతనికి తెలుసు. ఆరు వారాల కిందట ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందనీ, లోపల ఐదుగురున్నారనీ పొద్దున్నే ఫోను వచ్చింది. దారిలో పెద్దవాణ్ణి బడి దగ్గర దింపేద్దామని హడావుడిగా వ్యాను ఎక్కించాడు. ఫోనులో ఆ భవనం మేనేజరు మీద అరుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా పక్క తలుపు లాగేశాడు. ఆరేళ్ళ కొడుకు ఎడమ చెయ్యి తలుపు అంచు మీద ఉంది. పంతొమ్మిదేళ్ళుగా బిగించిన ప్రతి లిఫ్టులోనూ, తలుపుల మధ్య చేతులు పెట్టవద్దనే స్టిక్కరు దగ్గరుండి అంటించిన మనిషి చేసిన నిర్వాకం అది.

భార్య ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతా అనలేదు. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, నువ్వుగింజంత మరలు బిగించడం ఆవిడ పని. నోరు కూడా అలాగే బిగించుకుంది. నాలుగు తిట్టినా అతను తేలికపడేవాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, కంచం విసిరి లేవొచ్చు, రెండ్రోజులు మాటలు మానేయొచ్చు. ఏమీ అనని మనిషితో ఎలా పోట్లాడతారు ఎవరైనా?

పిల్లవాడి చేతికి కట్టు విప్పి మూడు వారాలైంది. ఎముకలు అతుక్కున్నాయి, కుట్లు మానాయి. వేళ్ళు మాత్రం మడవడు. ఆ చేతిని నిద్రపోయే పిల్లిపిల్లలాగ పొట్టకు ఆనించుకుని తిరుగుతాడు. చేతుల డాక్టరమ్మ పోయిన వారమే తేల్చి చెప్పింది. చేతిలో ఏ లోపమూ లేదు, ఉన్నది భయం. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఊరుకుంటే కీళ్ళు బిగుసుకుపోతాయి. సోమవారం మళ్ళీ చూస్తానంది. అప్పటికి పిడికిలి పట్టగలిగితే సరే, లేదంటే మత్తిచ్చి, మళ్ళీ కోసి, బిగుసుకున్న చోటల్లా విడదియ్యాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి అని కూడా అంది. ఇవాళ శనివారం.

ఇంట్లో చెయ్యని ప్రయత్నం లేదు. మెత్తటి బంతి ఇచ్చారు, పిండి ముద్ద ఇచ్చారు, సైకిలు ఆశ చూపించారు. వాడు అన్నిటికీ తలూపి, అన్నీ కుడి చేత్తోనే చేశాడు. కుడి చేత్తో కానివన్నీ తండ్రి చేశాడు. బొత్తాలు పెట్టాడు, బూట్ల లేసులు కట్టాడు, పండు వలిచాడు, పెన్సిలు చెక్కాడు. వాడు అడక్కముందే చేశాడు. వాడికి మీ చేతులు అరువివ్వకండి, వాడి చేతులు వాడికున్నాయి అని భార్య మూడుసార్లు చెప్పింది. అతను విన్నట్టే విని, మర్నాడు మళ్ళీ వంగి లేసులు కట్టాడు. వంగినప్పుడు పిల్లవాడి మొహం చూడక్కర్లేదు, అదొక సుఖం.

పిల్లలు చేత్తో పట్టుకుని, తిప్పి, లాగి ఆడుకునే మ్యూజియం ఒకటుందని డాక్టరమ్మే చెప్పింది. అక్కడికి తీసుకెళ్ళి వదిలేయండి, ఏదో ఒకదాని మీద మనసు పడితే చెయ్యి దానంతటదే కదులుతుందంది. బయల్దేరేముందు భార్య గుమ్మం దగ్గర నిలబడి మొగుడి జేబులు ఖాళీ చేయించింది. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పానా, టెస్టరు, నల్ల టేపు చుట్ట బల్ల మీదికి వచ్చాయి. వ్యాను తాళంచెవి ఒక్కటే ఉంచుకోనిచ్చింది.

"ఇవాళొక్క సాయం చెయ్యండి నాకు. వాడి పనిలో మీరు చెయ్యి పెట్టకండి" అంది.

లోపలికి వెళ్ళాక అతని కోపానికి కొత్త మేత దొరికింది. గోడ మీద ఇంతేసి అక్షరాలతో 'ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చు' అని రాసుంది. ముట్టుకుంటున్నవాళ్ళు మాత్రం పెద్దవాళ్ళే. ఒక తండ్రి కొడుకుని పక్కకి నెట్టి చెక్క ఇటుకలతో వంతెన కడుతున్నాడు, కొడుకు నోట్లో వేలేసుకుని చూస్తున్నాడు. నీళ్ళ తొట్టి దగ్గర ఒక తల్లి కూతురి చొక్కా తడుస్తుందని తనే పడవలు వదులుతోంది. ఇంకొకాయన పాప చెయ్యి పట్టుకుని గీత గీయిస్తూ ఫొటో తీస్తున్నాడు. వీళ్ళ దుంప తెగ, ఇల్లు కదిలి వచ్చింది పిల్లల కోసమా, మీ ముచ్చట కోసమా అని పళ్ళు నూరుకున్నాడు మెకానిక్. ఎదుటివాడి తప్పు పట్టడానికి అతని కళ్ళు ఎప్పుడూ బాగానే పనిచేస్తాయి.

నాలుగేళ్ళ కూతుర్ని ఇంట్లో ఉడత అంటారు. అది ఒకచోట నిలవదు. గుమ్మం దాటగానే బొమ్మల అంగడిలో దూరి, ప్లాస్టిక్ టొమాటోలన్నీ గౌనులో పోసుకుంది. పెద్దవాడు మాత్రం ఎడమ చెయ్యి పొట్టకు ఆనించుకుని అన్నిటి ముందూ ఒక్కో నిమిషం నిలబడి, దేన్నీ ముట్టుకోకుండా సాగిపోయాడు. తల్లి నాలుగడుగుల వెనకగా నడిచింది. తండ్రి ఇంకో నాలుగడుగుల వెనక, ఉడతను చంకనేసుకుని నడిచాడు. మూడు గదులైపోయాయి. సోమవారం ఆసుపత్రి వాసన అప్పుడే ముక్కుకి తగులుతున్నట్టుంది అతనికి.

నాలుగో గదిలో గోడవారగా చెక్కతో కట్టిన ఎత్తయిన కట్టడం ఒకటుంది. అడుగున ఒక చిన్న పెట్టె. అందులో చెక్క బంతి పెట్టి, కుడిపక్క హ్యాండిలు తిప్పితే తాడు చుట్టుకుని పెట్టె పైకెళ్తుంది. చిట్టచివరికి చేరితే పెట్టె ఒరిగి, బంతి మెలికలు తిరిగిన కాలువల్లో దొర్లుకుంటూ వచ్చి, కిందున్న పెద్ద కంచు గంటను కొడుతుంది. ఖాళీ అయిన పెట్టె దానంతటదే మళ్ళీ కిందికి దిగిపోతుంది. ఆ గంట మోత ఎంత గట్టిదంటే పక్క గది పిల్లలు కూడా తిరిగి చూస్తారు. పెద్దవాడు దాని ముందు ఆగాడు. నిమిషం దాటింది, రెండు నిమిషాలు దాటాయి, కదల్లేదు.

తండ్రి ఆత్రంగా ముందుకు అడుగు వేశాడు. భార్య వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టి, దూరంగా ఉన్న బెంచీ చూపించింది. వెళ్ళి కూర్చున్నాడు. అక్కణ్ణించి అతనికి కొడుకు వీపు, తిరిగే కుడి మోచెయ్యి, పైకెళ్ళే పెట్టె కనిపిస్తున్నాయి. మిగతాదంతా చెక్క స్తంభం చాటున పడింది. పెట్టె జానెడు లేచింది. సర్రున జారి కింద మెత్త మీద పడింది. మళ్ళీ జానెడు లేచింది, మళ్ళీ జారింది.

పెట్టె జారడమంటే ఏమిటో లిఫ్టు మనిషిని అడగాలి. కరెంటు పోనీ, తాడు తెగనీ, ఆకాశం విరిగి మీద పడనీ, ఎత్తిన పెట్టె ఎత్తిన చోటే నిలబడాలి. ఆ విద్యలో మొదటి పాఠం అదే, చివరి పాఠమూ అదే. ఇక్కడ తన కొడుకు చెమటోడ్చి తిప్పుతున్నాడు, పెట్టె వాణ్ణి వెక్కిరిస్తున్నట్టు జారుతోంది. ఐదుసార్లు, ఆరుసార్లు, తొమ్మిదిసార్లు. వాడి మెడ ఎర్రబడింది. అమ్మ అనేది చేతులు కట్టుకుని సినిమా చూస్తున్నట్టు నిలబడింది. ఒళ్ళు మండిపోయింది అతనికి. మధ్యలో ఒకసారి ఆవిడ బెంచీ దగ్గరికొచ్చి, లేవకండి, దయచేసి లేవకండి అని చెప్పి వెళ్ళింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చూడండి, పిల్లవాడి అవస్థకి ఏడుస్తోంది గాని సాయానికి మాత్రం మనసొప్పడం లేదు అనుకున్నాడు.

పదహారోసారి పెట్టె సగం దాకా వెళ్ళి జారింది. అప్పుడు పెద్దవాడు కాళ్ళు మెలివేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఒంటేలుకి ఆపుకోలేకపోతున్నాడు. మొహం కందిపోయి ఉంది, కళ్ళల్లో మాత్రం చాలా రోజులుగా లేని మెరుపేదో ఉంది.

"నేనొచ్చేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు నాన్నా" అన్నాడు.

సరేనన్నాడు తండ్రి. తల్లి వాణ్ణి తీసుకుని బాత్రూముకి వెళ్ళింది. అతను ఉడతను దింపి, కట్టడం దగ్గరికి కాపలాకి వెళ్ళాడు. కాపలాకే వెళ్ళాడు, ఒట్టు. అయితే లిఫ్టు మెకానిక్ పెట్టె పక్కన నిలబడి చేతులు కట్టుకోవడం, ఆకలేసిన మేక గడ్డిమోపు పక్కన నిలబడడం ఒకటే. వంగి చూశాడు. ఎడమపక్క స్తంభానికి సైకిలు బ్రేకులాంటి ఎర్ర పిడి ఒకటుంది. అది నొక్కి పట్టుకుంటేనే లోపల పళ్ళు చక్రాన్ని పట్టుకుంటాయి, వదిలితే చక్రం వదులై పెట్టె జారుతుంది. అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే తిక్కరేగింది. ఎవడో బుద్ధిలేనివాడు బ్రేకు తలకిందులుగా పెట్టాడు. చెయ్యి వదిలితే పట్టుకోవాల్సిన బ్రేకు, చెయ్యి వదిలితే విడిచిపెడుతోంది. పైగా కుడి చేత్తో తిప్పుతూ ఎడమ చేత్తో నొక్కాలట. అంటే రెండు చేతులూ ఉన్న పిల్లలకే గంట మోగుతుంది. ఒక చెయ్యి పనికిరాని పిల్లవాడు పదహారుసార్లు తిప్పినా, పదహారు వందలసార్లు తిప్పినా వాడికి జారడమే. వాడి మెడ ఎందుకు ఎర్రబడిందో ఇప్పుడర్థమైందనుకున్నాడు. తన కొడుకు కోసం ఇంతకాలం ఏమీ చెయ్యలేకపోయాడు. ఇది చెయ్యగలడు.

పిడి వెనక స్ప్రింగు బిగువు సర్దే మర ఒకటుంది. దాని నెత్తిన వెడల్పాటి గాడి. వ్యాను తాళంచెవి అందులో కొలిచినట్టు కూర్చుంది. మూడు చుట్లు బిగించి, చెవి పెట్టి విన్నాడు. ఇంకో అరచుట్టు బిగించాడు. ఇప్పుడు పళ్ళు చక్రాన్ని పట్టుకుని ఇక వదలవు. హ్యాండిలు ఒంటి చేత్తో తిప్పి వదిలేశాడు. పెట్టె గాలిలో రాయిలా నిలబడింది. ఆరు వారాల్లో మొదటిసారి అతనికి ఛాతీ నిండా ఊపిరాడింది.

ఆ గది చూసుకునే నీలం ఏప్రాన్ పెద్దావిడ శబ్దం మారిందని గుర్తుపట్టి వచ్చింది. వ్యాను తాళంచెవినీ పెట్టెనీ చూసి విషయం గ్రహించింది. మర్యాదగానే చెప్పింది, అది జారడానికే అలా కట్టారనీ, బిగించొద్దనీ. అతను విరుచుకుపడ్డాడు. పంతొమ్మిదేళ్ళుగా మనుషుల ప్రాణాలు మోసే పెట్టెలు బాగుచేస్తున్నాను, పెట్టె ఎలా ఉండాలో నాకు చెబుతారా అన్నాడు. ఒంటిచేతి పిల్లలు మీ లెక్కలో పిల్లలు కారా అన్నాడు. పక్కనున్న తల్లిదండ్రులు ఇటు తిరిగారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"జారకపోతే పిల్లలకి అక్కడ పనేముంటుందండీ?" అని మాత్రం అడిగి, వర్క్‌షాపు మనిషిని పిలుచుకొస్తానని వెళ్ళింది.

అతను ఇంకా రుసరుసలాడుతుండగానే ఉడత సందు చూసుకుంది. టొమాటోలు వదిలేసి, పెట్టెలో బంతి వేసి, మునివేళ్ళ మీద నిలబడి, ఒంటి చేత్తో హ్యాండిలు గిరగిరా తిప్పింది. పెట్టె ఎక్కడా ఆగలేదు. బంతి కాలువల్లో దొర్లుకుంటూ వచ్చి గంటను ఠంగున కొట్టింది. ఉడత చప్పట్లు కొట్టింది.

గంట మోగేసరికి పెద్దవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల తడింకా ఆరలేదు. పరుగున వచ్చి చెల్లెల్ని పక్కకి నెట్టాడు. కుడి చేత్తో హ్యాండిలు పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి ఆపాడు. పెట్టె సగంలో నిలబడింది. వాడు దానివైపే చూశాడు.

"జారట్లేదు" అన్నాడు.

"జారదు కన్నా. నేను బాగుచేశా. ఇక నీకు రెండో చెయ్యి అక్కర్లేదు" అన్నాడు తండ్రి. అంత సంతోషంగా అతను మాట్లాడి చాలా రోజులైంది.

భార్య తాళంచెవి చూసింది, మర చూసింది, మొగుడి మొహం చూసింది. ఆరు వారాలుగా బిగించి పెట్టుకున్న నోరు అప్పుడు తెరిచింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"వాడు ఇందాకట్నుంచీ ఆ ఎర్ర పిడి ఏ చేత్తో పట్టుకున్నాడో తెలుసా మీకు?"

అతను పిడి వైపు చూశాడు.

"ఎడం చేత్తో. ముందు రెండు వేళ్ళు వేశాడు. తర్వాత మూడు. నొప్పెట్టినప్పుడల్లా వదిలేశాడు, వదిలినప్పుడల్లా పెట్టె జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. గంట మోగాక నాన్నకి చూపిస్తా, అప్పటిదాకా చెప్పకమ్మా అన్నాడు." ఆవిడ కొడుకు వైపు చూసి మళ్ళీ మొగుడి వైపు తిరిగింది. "ఆ రోజు తలుపు వేసేటప్పుడూ ఇంతే. వాడి చెయ్యి ఎక్కడుందో చూడలేదు మీరు. ఇవాళా చూడలేదు."

చుట్టూ ఇన్ని గోలల మధ్య ఆ మాటలు అతనికొక్కడికే వినిపించాయి. ఒంట్లో కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. తను బాగుచేసింది పెట్టెని కాదు, తన కొడుకు చెయ్యి మళ్ళీ బతకడానికి వెతుక్కున్న ఒక్క దారినీ మూసేశాడు. ఏదో అనబోయి పిల్లవాడి వైపు వంగాడు.

వాడు ఏడవడం లేదు. పెదాలు వణుకుతున్నాయి, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. దెబ్బ తగిలిన రోజు నుంచీ ఈ పిల్లవాడు తండ్రి మీద ఒక్కసారి అలగలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. నాన్న లేసులు కడితే కట్టించుకున్నాడు, పండు వలిస్తే తిన్నాడు. అదంతా ఎక్కడ దాచుకున్నాడో, ఇప్పుడు పొంగుకొచ్చింది.

"ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దన్నానా లేదా? నువ్వే పాడుచేశావ్. అప్పుడు కూడా నువ్వే" అని తండ్రి తొడ మీద గుద్దాడు. ఆగకుండా మళ్ళీ గుద్దాడు.

నాన్నని కొడతావా అని తల్లి అలవాటుగా అనబోయి మాట మధ్యలోనే ఆపేసింది. ఆవిడ వాడి మొహం చూడడం లేదు. అప్పుడు మెకానిక్ కూడా కిందికి చూశాడు. పిల్లవాడి కుడి చెయ్యి ఇంకా హ్యాండిలు వదల్లేదు. కొట్టింది ఎడమ చెయ్యి. బొటనవేలు మీదికి మడిచి ఉంది, కిందున్న మూడు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. చూపుడువేలు మాత్రం ఇంకా కొంచెం పైకి నిక్కి ఉంది. కుట్ల గుర్తు కణుపుల మీద బిగిసి తెల్లగా పాలిపోయింది. మూడు వారాలుగా మెత్తటి బంతికి, పిండి ముద్దకి, సైకిలు ఆశకి లొంగని పిడికిలి అది.

అతను వాడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇంకోటి కొట్టరా" అన్నాడు.

వాడికి అర్థం కాలేదు. నాన్న వెక్కిరిస్తున్నాడనుకుని ఇంకా మండిపడి భుజం మీద కొట్టాడు, ఛాతీ మీద కొట్టాడు, పచ్చ కప్ప స్టిక్కరు మీద కొట్టాడు. ప్రతి దెబ్బకీ తండ్రి ఆ చేతినే చూశాడు. వాడు రొప్పుతూ ఆగిపోయేదాకా చూశాడు. ఎవరో తల్లి తన పిల్లల్ని పక్కకి తీసుకుపోయింది. ఉడత భయపడి అమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. వర్క్‌షాపు మనిషిని వెంటబెట్టుకొచ్చిన పెద్దావిడ దూరంగానే ఆగి, అతన్నీ ఆపింది.

"ఎలా ఉందో అలా పెట్టు" అన్నాడు పిల్లవాడు.

మెకానిక్ తాళంచెవి మర గాడిలో పెట్టి, మూడున్నర చుట్లు వెనక్కి తిప్పాడు. సగంలో నిలబడ్డ పెట్టె సర్రున జారి మెత్త మీద పడింది. పంతొమ్మిదేళ్ళలో ఒక పెట్టెను చేతులారా పడేయడం అదే మొదలు. పెద్దవాడు వంగి, మర మీద ఇంకేమైనా చేశాడేమోనని అనుమానంగా చూశాడు. తర్వాత తల తిప్పకుండానే హుకుం జారీచేశాడు.

"అక్కడ నుంచో. ఇటు కాదు, చెయ్యి కనిపించే వైపు. చేతులు జేబులో పెట్టుకో."

అతను ఎడమ వైపుకి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది, అతని వైపు చూడలేదు, దూరంగానూ జరగలేదు. పిల్లవాడు ఎర్ర పిడి మీద రెండు వేళ్ళు వేశాడు, మూడోది వేశాడు, పళ్ళు బిగించి నాలుగోది కూడా మడిచాడు. పెట్టె జానెడు లేచింది. వేళ్ళు వదిలాయి, పెట్టె జారింది. జేబుల్లో మెకానిక్ చేతులు ఎగిరిపడ్డాయి. తాళంచెవి అరచేతిలో గుచ్చుకునేదాకా బిగించి పట్టుకున్నాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ జారింది. అలా ఎన్నిసార్లు జారిందో ఈసారి అతను లెక్కపెట్టలేదు. గంట ఇంకా మోగలేదు. అతను చేతులు బయటికి తియ్యలేదు.